ఎర్ర తీగ, నీలి తీగ, మెయిన్ స్విచ్చి

ఉగ్రవాద నిరోధక గూఢచారి నవల, అంటే దేశంలో ఎక్కడో పేలబోతున్న బాంబును ఒకే ఒక్క రహస్యోద్యోగి ఒకే ఒక్క రాత్రిలో కనిపెట్టి ఆపే కథ, చివరి పదిహేను పుటలకు వచ్చేసరికి తప్పనిసరిగా రెండు తీగల దగ్గర ఆగుతుంది. ఒకటి ఎర్రది, రెండోది నీలిది. కథానాయకుడి చేతిలో కత్తెర, నుదుట చెమట, గడియారంలో పదకొండు సెకన్లు ఉంటాయి. ఆ పదకొండు సెకన్లలోనే అతనికి తల్లి, చెల్లెలు, చిన్నప్పటి పంతులు, చనిపోయిన మిత్రుడు వరుసగా గుర్తుకు వచ్చి, ఒక్కొక్కరు ఒక్కో పేరా తీసుకుని వెళ్లిపోతారు. వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతపు పాఠకుడు ఇక్కడికి రాగానే పుస్తకం బోర్లించి పెట్టి నిట్టూరుస్తాడు. పుస్తకం ముగిసి వారం గడిచినా అతన్ని సతాయించే ప్రశ్న ఒక్కటే: తీగను దాని రంగు చూసి నమ్మే మనిషికి ఇంత పెద్ద ఉద్యోగం ఎవరిచ్చారు?

తెలుగులో ఈ జాతి సాహిత్యానికి వంశవృక్షం లేకపోలేదు. దేవరాజు వేంకటకృష్ణారావు ‘వాడే వీడు’తో అపరాధ పరిశోధన మొదలై, కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు మీదుగా, మధుబాబు సృష్టించిన సి.ఐ.బి. ఏజెంటు షాడో దాకా వచ్చేసరికి, హంతకుడిని పట్టుకునే కథ దేశశత్రువును పట్టుకునే కథగా ఎదిగింది. వెండితెర మీద 1966లో కృష్ణ ‘గూఢచారి 116’గా కనిపిస్తే, 2018లో అడివి శేష్ సంఖ్య తీసేసి ‘గూఢచారి’గా వచ్చాడు. షాడో పనిచేసే సి.ఐ.బి. ఏ మంత్రిత్వశాఖ కింద ఉంటుందో, జీతం ఏ తారీఖున పడుతుందో అడగాలని బస్టాండు దుకాణంలో నవల కొన్న ఏ పాఠకుడికీ ఏనాడూ తోచలేదు, తోచవలసిన అవసరమూ లేదు. షాడో ఎగిరి తన్నితే ఆ తన్ను నిజమే. చిక్కంతా తరువాతి తరం నవల నిజం వేషం కట్టిన నాటి నుంచి మొదలైంది. ఫలానా సంస్థ, ఫలానా తుపాకీ, ఫలానా దేశపు ఫలానా వీధి అని రచయిత లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు, పాఠకుడు లెక్కలు సరిచూడడం మొదలుపెట్టాడు.

ఇక తీగల సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే నవలాకారులు చెప్పరు. మన దేశంలో చాలాకాలంగా అమల్లో ఉన్న పద్ధతి ప్రకారం ఇంటి కరెంటులో ఎర్ర తీగ ఫేజు, అంటే కరెంటును మోసుకొచ్చేది. నల్ల తీగ న్యూట్రల్, అంటే దాన్ని వెనక్కు తీసుకుపోయేది. పచ్చ తీగ ఎర్తు, అంటే లోపం వచ్చినప్పుడు కరెంటును భూమిలోకి దించేది. మూడు ఫేజుల కరెంటుకైతే ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే. సిరిసిల్లలో ఆసామి, అంటే సేటు దగ్గర నూలు తెచ్చుకుని తన సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసి ఇచ్చే చిన్న యజమాని, ఎర్ర తీగా నీలి తీగా అనే ప్రశ్న వింటే ముందు నవ్వుతాడు, తరువాత జాలిపడతాడు. రెండింటిలోనూ ఉన్నది కరెంటే. అందులో ఒకటి కోసి ఒకటి ఉంచితే ఏమవుతుందో అతనికి డబ్బు పెట్టి నేర్చుకున్న విద్య: ఒక ఫేజు లేకుండా స్విచ్చి వేస్తే మోటారు తిరగదు, ఊరుకోనూ ఊరుకోదు, ఎద్దులా మూలుగుతుంది, కాసేపటికి మాడువాసన వస్తుంది, మరునాడు వైండింగు ఖర్చు వస్తుంది. నవలలో మాత్రం ఒక్క తీగ తెగగానే గడియారం ఒకటో సెకను దగ్గర అల్లుడి మర్యాదతో ఆగిపోతుంది.

అది శాస్త్రం, ఆచారం దారి ఆచారానిది. శివరాత్రి జాతరకు ముందు వేములవాడలో ఏ లాడ్జి గదిలోనైనా స్విచ్‌బోర్డు విప్పి చూస్తే విషయం బోధపడుతుంది. నాలుగు మరలలో ఒకటి ఎప్పుడో పోయి ఉంటుంది. లోపల ఎర్ర తీగ అయిపోయిందని పచ్చ తీగతో ఫేజు లాగి, అది జానెడు తక్కువ పడితే పాత టేబుల్ ఫ్యాను తెల్ల తీగను అతికించి, ఆ అతుకు మీద నల్ల టేపు మూడు చుట్లు చుట్టి ఉంటారు. గత ఎండాకాలానికి ఆ టేపు జిగురు కారి, దానికి దుమ్ము పట్టి, దుమ్ములో ఒక చీమ శాశ్వతంగా విశ్రమించి ఉంటుంది. ఈ బోర్డు ముందు నిలబడిన ఎలక్ట్రీషియన్ రంగుల వంక చూడనైనా చూడడు. చొక్కా జేబులోంచి టెస్టర్, అంటే పిడిలో చిన్న దీపమున్న స్క్రూడ్రైవరు, తీసి ఒక్కొక్క కొసకూ తాకించి దీపం వెలిగిందో లేదో చూస్తాడు. కేంద్ర ప్రభుత్వం కోట్లు ఖర్చు పెట్టి తర్ఫీదిచ్చిన గూఢచారి జేబులో శాటిలైట్ ఫోను, నకిలీ మీసం, మూడు దేశాల పాస్‌పోర్టులు ఉంటాయి గాని టెస్టర్ ఒక్కటీ ఉండదు.

కత్తెర విషయమూ ఇక్కడే తేల్చేయాలి. కరెంటు తీగను కోసేది కటింగ్ ప్లేయరుతో, అంటే పిడికి రబ్బరు తొడుగున్న పట్టుకారుతో. అది దొరకనప్పుడు పళ్లతో పై తొడుగు ఒలవడం ఈ జిల్లాల్లో పెద్దలు వద్దనే, పిన్నలు మానని అలవాటు. మేకప్ డబ్బాలోని మీసాలు కత్తిరించే కత్తెరతో కోయడం మాత్రం ఏ ఊళ్లోనూ లేదు. అన్నిటికన్నా అబ్బురమైనది ఉగ్రవాది నిజాయితీ. వందలమందిని చంపడానికి వెనుకాడని మనిషి, దొంగ పేరుతో గది అద్దెకు తీసుకుని దొంగ పాస్‌పోర్టుతో సరిహద్దు దాటిన మనిషి, తీగల రంగుల దగ్గరకు వచ్చేసరికి నియమం తప్పడట. అలాంటివాడు లాడ్జి వైరింగు పనికి వచ్చినా బాగుండేదని వేములవాడ యజమానులు అనుకుంటే తప్పు పట్టలేము.

ఈ తీగల వ్యవహారానికి మూలం విదేశీ సినిమాల్లో ఉంది. 1974లో వచ్చిన ‘జగ్గర్‌నాట్’ అనే బ్రిటిష్ చిత్రంలో ఓడలో పెట్టిన బాంబు ముందు కూర్చున్న నిపుణుడు చివరికి ఎర్ర తీగా నీలి తీగా అని తేల్చుకోవలసి వస్తుంది, ఆ తరువాత ప్రపంచంలోని ప్రతి బాంబుకూ ఆ రెండు తీగలే మొలిచాయి. ఆ పేరు కూడా మన పూరీ జగన్నాథుడి రథం కింద పడి ఇంగ్లీషులోకి దొర్లిన మాటే కనుక, ఈ అనర్థంలో మన వాటా బొత్తిగా లేదనలేము. దానికి పదేళ్ల ముందు, 1964లో, జేమ్స్‌బాండ్ చిత్రం ‘గోల్డ్‌ఫింగర్’లో బాండంతటివాడు అణుబాంబు మూత తెరిచి, లోపలి తీగల చిక్కు చూసి, ఏది పీకాలో తోచక చెయ్యి చాచేలోగా, వెనుక నుంచి వచ్చిన నిపుణుడు ఒక స్విచ్చి ఆపుతాడు. గడియారం 007 దగ్గర నిలుస్తుంది. సిరిసిల్ల ఆసామి మొదటి నుంచీ మొత్తుకుంటున్నది ఇదే: ముందు స్విచ్చి బంద్ చేయండి, ముచ్చట తరువాత.

తీగను దాటి వచ్చిన పాఠకుడికి ‘ఏజెంటు’ అడ్డు తగులుతాడు. నవలా పరిభాషలో ఏజెంటు అంటే 1968లో ఏర్పడిన మన ‘రా’ వంటి గూఢచార సంస్థ తరఫున పేరు మార్చుకుని తిరిగే వీరుడు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల పరిభాషలో ఏజెంటు అంటే దుబాయికో మస్కట్‌కో వీసా తెప్పిస్తానని పైకం తీసుకునేవాడు. వీరిద్దరిలో ఎవరి గోప్యత గొప్పదనే చర్చ వస్తే స్థానికుల ఓటు రెండో వాడికే పడుతుంది: అతని ఫోను కలవదు, చిరునామా నిలవదు, ఊళ్లో ఉండి కూడా కనిపించడు. నవలలోని వీరుడు పేరా మారేలోగా దుబాయిలో దిగి, మరో పేరాలో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా గోడ వెంట పాకుతుంటే, మెడికల్ పరీక్షలో ఒకసారి, విమానాశ్రయంలో ఒకసారి వెనక్కు వచ్చి మూడోసారికి గాని వెళ్లలేకపోయిన మనిషికి ఆ పాకడంలో వింత ఏమీ తోచదు. అక్కడ ఎత్తున వేలాడుతూ పని చేసేవారిలో సొంత మేనబావలే ఉన్నారు. అతని సందేహమల్లా, వీరుడికి వీసా స్టాంపింగు అంత త్వరగా ఎవరు చేయించారన్నదే.

ఇదే పేరుతో 2023 ఏప్రిల్ 28న భారీ ఖర్చుతో ‘ఏజెంట్’ అనే తెలుగు గూఢచారి చిత్రం వచ్చింది. అది నిరాశపరిచాక నిర్మాతే ముందుకొచ్చి, పూర్తి స్క్రిప్టు చేతిలో లేకుండా మొదలుపెట్టడం పొరపాటని, తప్పంతా తమదేనని బహిరంగంగా ఒప్పుకున్నారు. ఏజెంటు పేరు మీద పైకం పోగొట్టుకున్నవారికి అటువైపు నుంచి క్షమాపణ లాంటిది అందడం ఈ ప్రాంత చరిత్రలో అదే మొదటిసారి కావచ్చు.

గూఢచర్యాన్ని గురించి ఇంతకన్నా ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసినవారు మనకు లేరా అంటే, ఉన్నారు. కౌటిల్యుడి అర్థశాస్త్రం గూఢపురుషులను, అంటే రాజు నియమించిన వేగులను, తొమ్మిది రకాలుగా విడదీసి, అందులో తాపసుడి వేషంలో ఉండేవాడికి భోజనపు పట్టీ కూడా రాసి ఇచ్చింది. అతడు ఊరి బయట శిష్యులతో విడిది చేసి, నెలకో రెండు నెలలకో ఒకసారి నలుగురూ చూస్తుండగా గుప్పెడు ఆకుకూర గాని గడ్డి గాని తినాలి. రహస్యంగా ఇష్టమైనది తినవచ్చు. వర్తకుల వేషంలోని వేగులు వచ్చి అతని మహిమలు చాటాలి. ముగ్గురు వేగులు ఒకరికొకరు తెలియకుండా ఒకే మాట చెబితేనే ఆ వార్తను నమ్మాలని కూడా కౌటిల్యుడు నిబంధన పెట్టాడు. మన నవలలో పేరు చెప్పని ఒక గొంతు ఫోనులో రెండు ముక్కలు చెప్పగానే దేశం మొత్తాన్ని అప్రమత్తం చేస్తారు. లక్షలమంది తిరిగే వేములవాడ రాజన్న జాతరలో, గుడికి కోడెను కట్టే మొక్కు చెల్లించేవారి నడుమ, ధర్మగుండం కోనేటి మెట్ల మీద, ఎవరు ఎవరో కనిపెట్టడం ఎంత కష్టమో ఊహించగల పాఠకుడికి ఆ గుప్పెడు గడ్డిలో ఉన్న ఉత్కంఠ, మూడు వందల పుటల మోటారు పడవల పరుగులో కనిపించకపోవడం సహజం.

ఇంతవరకు నవ్వుకోవచ్చు గాని, నవలలో మరో మాట వస్తుంది, దాని దగ్గర ఈ ప్రాంతపు పెద్దవారు నవ్వరు. అది ‘ఇన్ఫార్మర్’. నవలలో ఇన్ఫార్మర్ అంటే టీకొట్టు దగ్గర కవరు అందించి చీకట్లో కలిసిపోయే చిన్న పాత్ర, రచయిత అతనికి పేరు కూడా పెట్టడు. 1978లో భూస్వాముల మీద రైతుకూలీలు కదిలిన జగిత్యాల జైత్రయాత్ర జరిగి, అదే ఏడు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన తరువాత, దశాబ్దాల పాటు ఈ పల్లెల్లో ఆ మాట అర్థం వేరు. రాత్రి వచ్చిన నక్సలైట్లకు అన్నం పెట్టిన ఇంటికి పగలు పోలీసులు వచ్చేవారు. పగలు పోలీసులతో మాట్లాడిన మనిషి కోసం రాత్రి తలుపు తట్టేవారు. శవం పక్కన దొరికిన చీటీలో ఆ ఒక్క మాట ఉంటే, అది నిజమో అబద్ధమో విచారించడానికి ముగ్గురు వేగులు రాలేదు, మరో పుట తిప్పడానికీ వీలు లేకపోయింది. అటువంటి రాత్రులు దాటిన తండ్రి ఒకరు వేములవాడ తిప్పాపూర్ బస్టాండులో కొడుకు కొన్న గూఢచారి నవల అట్ట మీది తుపాకీని కాసేపు చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేస్తే, ఆ పుస్తకానికి అంతకు మించిన సమీక్ష ఎవరు రాయగలరో చెప్పడం కష్టం.

అయినా తరువాతి నవల వస్తుంది, పాఠకుడు కొంటాడు, చివరి పదిహేను పుటలు చదువుతాడు. హైదరాబాదులోని గోకుల్‌చాట్, లుంబినీ పార్కుల్లో 2007 ఆగస్టు 25న బాంబులు పేలి 42 మంది పోయిన సంగతి తెలిసినవాడే కనుక, కాగితం మీదనైనా ఒక బాంబు పేలకుండా ఉండాలనే కోరుకుంటాడు. అందుచేత రచయితలకు ఈ ప్రాంత పాఠకుల తరఫున ఒక చిన్న వినతి: గూఢచారిని దుబాయి పంపే ముందు ఒక పూట సిరిసిల్ల బస్సెక్కించండి, జేబులో ఒక టెస్టర్ పెట్టండి, బాంబుకు మెయిన్ స్విచ్చి ఎక్కడుందో మొదటి అధ్యాయంలోనే చెప్పండి.