పదకొండో రోజు

మా ఇంట్లో ముందు పోయింది వారంటీ. అది పోయిన పదకొండో రోజున మానిటర్ పోయింది. ఎవరైనా పోతే పదకొండో రోజుకి మనవాళ్ళిచ్చే ప్రాధాన్యం ఆ కంపెనీ ఇంజినీర్లకి ఎవరు చెప్పారో గానీ, లెక్క మాత్రం తప్పలేదు.

27 అంగుళాలది. ధర 42 వేలు. ఇంట్లో చెప్పింది 22 వేలు. అందుకని పోయిన రోజున 22 వేల దుఃఖం అందరి ముందూ పడి, మిగతా 20 వేల దుఃఖం బాత్రూములోకి వెళ్ళి పడాల్సి వచ్చింది.

చావు కూడా గౌరవంగానే వచ్చింది. సాయంత్రం ఆరింటికి, నేనొక వాక్యం మధ్యలో ఉండగా తెర మినుకుమంది. ఆరింది. మళ్ళీ వెలిగి నా వాక్యాన్ని ఒకసారి చూసుకుని, ఇంక నావల్ల కాదన్నట్టు పూర్తిగా ఆరిపోయింది. కింద మూలన పవర్ లైటు మాత్రం వెలుగుతోంది, తల దగ్గర దీపం పెట్టినట్టు.

డబ్బా టీవీల కాలంలో ఇలాంటప్పుడు నెత్తిన ఒక్కటి పీకేవాళ్ళం. ఆదివారం సినిమా ఆగిపోతే మా నాన్నగారు లేచి, కుడి చేత్తో ఒకటి, వినకపోతే ఎడమ పక్కన ఇంకోటి వేసేవారు. అది బుద్ధి తెచ్చుకునేది. ఆ వైద్యం ఈ పలకకి పనికిరాదు. ఒక్కటి వేస్తే దాన్ని ‘ఫిజికల్ డ్యామేజ్’ అంటారు. అలాగని పాత వస్తువులు చిరంజీవులని నేననను. మా నాన్నగారి టీవీ ఏడాదికి రెండుసార్లు చచ్చేది. కాకపోతే చచ్చినప్పుడల్లా లేపేవాడొకడు మా వీధి చివర ఉండేవాడు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి సీరియల్ నంబరు అడిగింది. మానిటర్ వీపు మీద, చీమలకి కూడా కళ్ళజోడు కావాల్సినంత అక్షరాల్లో ఉంది. టార్చి వేసి, బోర్లా పడుకుని చదివాను. “సార్, మీ వారంటీ పదకొండు రోజుల క్రితం ముగిసింది. ఇంకేమైనా సాయం చెయ్యమంటారా?” అంది. ఇంకేమైనా అంటే ఇప్పటికే ఏదో చేసినట్టు. నేను ఆలోచించుకునేలోపే, ఈ సంభాషణకి అయిదులో ఎన్ని మార్కులు వేస్తారో చెప్పమంటూ మెసేజ్ వచ్చింది.

వారంటీ కార్డు తీసి చదివాను. దాన్ని చదవాల్సిన రోజున ఎవరూ చదవరు. వర్తించేవి రెండు లైన్లు, వర్తించనివి రెండు పేజీలు. పిడుగు, వరద, వోల్టేజీ హెచ్చుతగ్గులు, తేమ, దుమ్ము, పురుగులు, బల్లులు. బల్లి మన మీద పడితే ఏమవుతుందో పంచాంగంలో ఉంటుంది, మానిటర్‌లో పడితే ఏమవుతుందో ఈ కార్డులో ఉంటుంది. పంచాంగమైతే తలస్నానం చేసి దీపం పెట్టుకోమని దోషపరిహారమైనా చెబుతుంది. మా ఫ్రిజ్ కార్డు ఇంకా గడుసుది. కంప్రెసర్‌కి పదేళ్ళు, మిగతా భాగాలకి ఏడాది. మనిషికి గుండె మాత్రం నూరేళ్ళుంటుంది, ఒళ్ళు సంగతి మీరు చూసుకోండి అన్నట్టు.

సర్వీస్ సెంటర్లో మానిటర్‌ని విప్పి చూసినందుకు 500, ఆ చూపు మీద జీఎస్టీ 90 తీసుకున్నారు. మూడు రోజుల తర్వాత వాట్సాప్‌లో ఎస్టిమేట్ వచ్చింది. ప్యానెల్ మార్చాలట. 36 వేలు. బ్యాక్‌లైట్ ఒక్కటే మార్చరా అని అడిగితే, “అది విడిగా రాదు సార్, ప్యానెల్‌తో కలిపే వస్తుంది” అన్నాడు. ఆపైన గొంతు తగ్గించి, “దీనికి ఖర్చు పెట్టడం దండగ సార్, ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది” అని ఆప్తుడిలా సలహా ఇచ్చాడు.

ఖర్మ కొద్దీ ఆ వాట్సాప్ మా ఆవిడ చూసింది.

“ఏవండీ, 22 వేల మానిటర్‌కి 36 వేల ప్యానెలా? పట్టపగలు దోపిడీ కదండీ ఇది! ఊరుకుంటారేమిటి?”

నేను ఊరుకున్నాను. నాకు వేరే దారి లేదు.

ఆవిడ ఊరుకునే మనిషి కాదు. మర్నాటికల్లా వినియోగదారుల రక్షణ చట్టం 2019 మొత్తం ఫోనులో చదివేసింది. 1915 నంబరుకి ఫోన్ చేస్తే జాతీయ హెల్ప్‌లైన్ వాళ్ళు తెలుగులో కూడా మాట్లాడతారట. జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు సరుకైతే ఫిర్యాదుకి ఫీజు కూడా లేదట. ప్రభుత్వం 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ అని ఒక పోర్టల్ కూడా పెట్టింది. బాగు చేయించుకోవడం మన హక్కన్నమాట. ఆశగా అందులోకి వెళ్ళి చూశాం. కంపెనీల పేర్లు, సర్వీస్ సెంటర్లు, వాటి కస్టమర్ కేర్ నంబర్లు శుభ్రంగా ఒకచోట పేర్చి ఉన్నాయి. ఏ గుమ్మంలోంచి గెంటారో ఆ గుమ్మానికే దారి చూపించారు, కాకపోతే ఈసారి ప్రభుత్వ ముద్రతో. ఫ్రాన్సులో 2021 నుంచి లాప్‌టాప్‌ల మీద, బాగు చేయడానికి ఎంత వీలో పదికి మార్కులు వేసి అతికిస్తున్నారు. నా మానిటర్‌కి అలా మార్కులు వెయ్యాలంటే ముందు దాన్ని విప్పాలి. విప్పితే 590.

“ఫిర్యాదు రాసేశాను, బిల్లు ఒక్కటి జత చెయ్యాలి” అంది మా ఆవిడ.

వినియోగదారుడిగా నా చైతన్యం అక్కడితో చల్లారిపోయింది. “ఎందుకులే, వాళ్ళూ బతకాలి కదా” అన్నాను. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో నా నోట కార్పొరేట్ల మీద అంత జాలి ఆవిడ ఎప్పుడూ వినలేదు. అనుమానంగా చూసింది.

ఆ చూపు తప్పించుకోడానికి మానిటర్‌ని పాత దుప్పట్లో చుట్టి, ఆటోలో సికింద్రాబాద్ పార్క్‌లేన్ పట్టుకెళ్ళాను. చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ. మెట్ల పక్కన ఇరుకు గదిలో ఒక కుర్రాడు సోల్డరింగ్ గన్నుతో కూర్చుని ఉన్నాడు. వెనక మూత ఊడదీసి, నాడి చూసినట్టు లోపల ఒకచోట వేలు పెట్టాడు.

“ప్యానెల్ మంచిగనే ఉంది సార్. కెపాసిటర్ ఉబ్బింది. గంతే.”

చూపించాడు. చిటికెన వేలి గోరంత డబ్బా, నెత్తి మీద పూరీలా పొంగి ఉంది. మార్చడానికి ఇరవై నిమిషాలు, 450 రూపాయలు. తెర వెలిగింది. ఆగిపోయిన నా వాక్యం ఇంట్లో కంప్యూటర్లో ఉండబట్టి గానీ, అక్కడే పూర్తి చేసేవాణ్ణి.

ఇంటికొచ్చి ఆ కెపాసిటర్ జాతకం చూశాను. ఇలాంటివి చాలావాటికి 105 డిగ్రీల వేడిలో 2,000 గంటలు ఆయుష్షని రాస్తారు. వేడి పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆయుష్షు రెట్టింపవుతుంది. మా పైగదిలో, గాలాడని ఆ డబ్బాలో 80 డిగ్రీలు అనుకుందాం. 11,300 గంటల చిల్లర. నేను రోజుకి పది గంటలు దాని ముందు కూర్చుంటాను. భాగిస్తే మూడేళ్ళా ఒక నెల. వారంటీ మూడేళ్ళు. ఇందులో కుట్ర లేదని ఇంజినీర్లంటారు. నేనూ నమ్ముతాను. కెపాసిటర్ ఎంచినాయనా, వారంటీ ఎంచినాయనా ఒకే క్యాంటీన్లో టీ తాగుతారని మాత్రం నా అనుమానం. ఇంకాస్త మంచిది వేస్తే నాలుగు రూపాయలు ఎక్కువయ్యేదేమో. 42 వేలు పుచ్చుకుని ఆ నాలుగు రూపాయల దగ్గర పొదుపు నేర్చుకున్నారు.

కుట్ర కావాలంటే చరిత్రలో ఉంది. 1924లో ఓస్రామ్, ఫిలిప్స్ లాంటి బల్బుల కంపెనీలు జెనీవాలో కూడి ‘ఫీబస్’ అనే కూటమి కట్టాయి. బల్బు వెయ్యి గంటలకి మించి వెలగకూడదని ఒట్టు పెట్టుకున్నాయి. అంతకుముందు పదిహేను వందలు, రెండు వేల గంటలు వెలిగేవి. ఎక్కువసేపు వెలిగే బల్బు చేసిన కంపెనీకి జరిమానా! పని బాగా చేసినందుకు శిక్ష వేసే పద్ధతి ప్రభుత్వ ఆఫీసుల్లోనే పుట్టిందనుకునేవాణ్ణి. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ఫైర్ స్టేషన్లో మాత్రం 1901లో పెట్టిన బల్బు ఇంకా మిణుకుమిణుకుమంటూనే ఉంది. దాని వారంటీ ఎప్పుడు ముగిసిందో దానికెవరూ చెప్పి ఉండరు.

ఇదంతా మా ఆవిడకి ఉత్సాహంగా వివరించాను. 36 వేల పని 450కి చేయించుకొచ్చిన మగాణ్ణి కదా, కాస్త కాఫీ అయినా వస్తుందనుకున్నాను.

“అందుకే వదలకూడదు వాళ్ళని” అంది. “1915కి నేనే చేశాను. పాపం ఆ అబ్బాయి చక్కగా మాట్లాడాడు. బిల్లు ఒక్కటి పంపిస్తే చాలన్నాడు. ఎక్కడ పెట్టారు?”

బీరువా తాళాలు అప్పటికే ఆవిడ చేతిలో ఉన్నాయి.