మా తాత లైఫ్‌స్టైల్

మా బాబాయి రిటైరైన మర్నాడే ముసలితనం మీద యుద్ధం ప్రకటించాడు. తెల్లారుతూనే నానబెట్టిన మెంతులు. తొమ్మిదింటికి కొర్రల ఉప్మా. సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్లు తప్ప మరొకటి గొంతు దిగదు. పెళ్లి భోజనానికి పిలిచినా వియ్యాలవారి ముందు గ్లాసెడు వేణ్నీళ్లు తాగి లేచొస్తాడు. ఎడం చేతికి ఒక వాచీ. అది టైము చెప్పే వాచీ కాదు. ఎన్ని అడుగులు వేశాడో, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో, రాత్రి ఎంతసేపు గాఢంగా నిద్రపోయాడో చెబుతుంది. పొద్దున్నే "బాగా నిద్ర పట్టిందా బాబాయ్?" అంటే ముందు వాచీ చూసుకుని అప్పుడు జవాబు చెబుతాడు.

అలాంటి బాబాయితో కలిసి రంగూన్ వెళ్లే భాగ్యం నాకు కలిగింది. మా వాళ్లకి అది రంగూనూ కాదు, యాంగోనూ కాదు, రంగం. మా తాత రంగం వెళ్లాడు, రంగం నుంచి వచ్చాడు. ఆయన గురించి మా ఇంట్లో మిగిలిన చరిత్ర అంతే. ఆ రంగం చూడాలని వెళ్లి, నది ఒడ్డున బోటాటౌంగ్‌లో దిగాం.

బోటాటౌంగ్ అంటే వెయ్యిమంది సేనానులు. రెండువేల ఏళ్ల కిందట బుద్ధుడి కేశాలు ఓడలో వస్తే, ఈ ఒడ్డున వెయ్యిమంది సేనానులు కాపలా నిలబడ్డారని స్థలపురాణం. ఆ కేశాల మీద కట్టిన పగోడాని 1943 నవంబరు 8న రేవు మీద వెయ్యబోయిన ఇంగ్లీషువాళ్ల బాంబులు నేలమట్టం చేశాయి. యుద్ధం అయ్యాక మళ్లీ కట్టినప్పుడు లోపల డొల్లగా కట్టారు. బంగారు గోడల మధ్య మూలమూలలూ తిరిగి రావచ్చు. మనిషన్నవాడు అక్కడ కాసేపు నోరు మూసుకుని నిలబడతాడు. మా బాబాయి నిలబడలేదు. చెప్పులు విప్పి నడిస్తే అరికాళ్లకి మంచిదని గుండ్రంగా తిరిగాడు, తిరిగినంతసేపూ ఇక్కడ శాటిలైటు అందుతుందా, ఈ అడుగులు లెక్కలో పడతాయా అని బెంగపడ్డాడు.

ఆ ఆవరణలోనే బోబోజీ అనే దేవర ఉంటాడు. కొబ్బరికాయ, అరటిపళ్లు పెట్టి, చేతిలో నోటు ఉంచి, చాచిన వేలికి నుదురు ఆనించి కోరిక చెప్పుకుంటారు. కొబ్బరికాయలవీ చూస్తే మన ఊరి పోలేరమ్మ గుడికి వచ్చినట్టే ఉంటుంది. బాబాయీ నోటు పెట్టి నుదురు ఆనించాడు.

"ఏం కోరుకున్నావ్ బాబాయ్?"

"నూరేళ్లు."

"మరి మెంతులు?"

"వాటి పని వాటిదే. ఇటూ అటూ రెండు వైపులా ఉండాలిరా."

మర్నాడు పొద్దున్న రేవు పక్కన ఆయన పదివేల అడుగులూ పూర్తి చేస్తుంటే నేను వెనకాల ఆయాసపడుతూ నడిచాను. ఈ పదివేల లెక్క ఏ ఋషి చెప్పిందో ఆయన్ని అడగలేదు గాని, మీకు చెబుతాను. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. ఆ ఊపులో 1965లో ఒక జపాన్ కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల మీటరు అమ్మకానికి పెట్టింది. దాని పేరు మన్‌పోకెయ్, అంటే పదివేల అడుగుల మీటరు. పేరు పలకడానికి బాగుంది, అంకె గుర్తుంచుకోవడానికి బాగుంది. శాస్త్రం తర్వాతెప్పుడో వెతుక్కుంటూ వచ్చింది. 2019లో హార్వర్డ్‌లో ఐ-మిన్ లీ బృందం సగటున డెబ్భై రెండేళ్లున్న పదహారు వేలమంది పైచిలుకు ఆడవాళ్ల అడుగులు లెక్కపెట్టింది. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ల కన్నా 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక ఆ లాభం అక్కడితో ఆగింది. పైన వేసే రెండున్నర వేలూ కంపెనీకి దక్షిణ.

నడవొద్దని నేననను. పొగాకు మానొద్దని అంతకన్నా అనను. బర్మాలో తమలపాకు కిళ్లీ నమిలి ఎర్రబడ్డ నోళ్లు చూశాక ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాదు. నా పేచీ నడకతో కాదు. మా బాబాయి నడుస్తూ నడుస్తూ, నది వైపు చూసి, నిట్టూర్చి అన్న ఒక మాటతో.

"మా నాన్న నలభై ఎనిమిదికే పోయాడురా. హెల్త్ పట్టించుకోలేదు. లైఫ్‌స్టైల్ బాగోలేదు."

అప్పటికి మేం నిలబడ్డది రంగూన్ రేవులో. లైఫ్‌స్టైల్ బాగోలేదా!

ఏం తక్కువైందని? కాకినాడ నుంచీ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచీ ఓడ డెక్కు మీద మనుషుల్ని పేర్చి ఇక్కడికి తెచ్చేవారు. కోరంగి రేవు పేరే వాళ్లకి కులం పేరులా అతికింది; బర్మావాళ్లకి తెలుగు కూలీ అంటే కోరంగి. మా తాత వాళ్లలో ఒకడు. ఆయన దినచర్యని ఇవాళ ఏ ఆరోగ్య గురువు ముందు పెట్టినా లేచి దండం పెడతాడు. చిన్నప్పుడు చోడి అంబలి తాగి పెరిగిన ఒళ్లు. అంటే బాబాయి కిలో ఇంతని కొనుక్కుంటున్న చిరుధాన్యమే. పంచదార లేదు, నెయ్యి లేదు, జంక్ ఫుడ్ అసలే లేదు. పొద్దున్నించి బియ్యం బస్తాలతో వెయిట్ ట్రైనింగ్. పని దొరకని రోజు లంఖణం, దాని ఇప్పటి పేరు ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్. బస్తాల పని లేకపోతే లంచా లాగడం. రిక్షాని అక్కడ అలా అనేవారు. లంచా లాగినవాడు వేసిన అడుగుల ముందు బాబాయి పదివేలు గుమ్మంలోంచి వాకిట్లోకి వెళ్లిరావడం లాంటివి. ఒంటరితనం ముసలివాళ్లని తినేస్తుందని ఈమధ్య డాక్టర్లు చెబుతున్నారు. మా తాతకి ఆ బెడదా లేదు, పడుకునే గదిలో కాలు చాపితే పక్కవాడి తల తగిలేది. ఆ గదిలోనూ చోటు దొరకనివాళ్లు ఆరుబయట పడుకునేవారు, స్వచ్ఛమైన గాలి. సామానంతా ఒక మూట. దీన్నే ఇవాళ మినిమలిజం అని పుస్తకాలు రాసి అమ్ముతున్నారు. డబ్బు గురించి ఆందోళన కూడా లేదు, కూలి మేస్త్రీ చేతికి వెళ్లి, అప్పూ వడ్డీ పోను మిగిలితే ఇటు వచ్చేది.

ఇన్ని మంచి అలవాట్లున్న జాతి సగటున నూటయాభై ఏళ్లు బతకాలి. ఎందుకో బతకలేదు.

1931 లెక్కల్లో రంగూన్ జనాభా నాలుగు లక్షలు, అందులో సగానికి పైగా భారతీయులు. అంతకు ముందటి ఏడే, 1930 మే నెలలో, తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ల చోట బర్మా కూలీలను దింపాయి. సమ్మె తేలి పాతవాళ్లు తిరిగొచ్చేసరికి కొత్తవాళ్లని పొమ్మన్నారు. కడుపు మండినవాళ్లు కంపెనీల మీద పడలేదు, తమలాంటి కూలీల మీద పడ్డారు. వందమందికి పైగా చచ్చిపోయారు. ఒక అణా ఎక్కువ ఇమ్మని అడగడం కూడా ఆయుష్షు పెంచే అలవాటేనని, కాస్త తిండీ కాస్త విశ్రాంతీ దాంతోనే వస్తాయని మా బాబాయి చూసే ఏ వీడియోలోనూ చెప్పరు.

ఇక నడక. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాతి నెలల్లో లక్షల మంది మనవాళ్లు ఇంటిదారి పట్టారు. ఓడలో చోటున్నవాళ్లు ఓడలో, లేనివాళ్లు కాళ్ల మీద, అరకాన్ కొండలు దాటి కొందరు, మణిపూర్ అడవుల్లోంచి కొందరు. ఆ అడవిలో కూడా తెల్లవాళ్లకో దారి, మనవాళ్లకో దారి ఉండేదని చెప్పుకునేవారు. వేలమంది దారిలోనే ఉండిపోయారు, కలరాతో, మలేరియాతో, వట్టి ఆకలితో. మా తాత నడిచి ఇల్లు చేరాడు. ఎన్ని అడుగులు వేశాడో లెక్కపెట్టిన వాచీ లేదు. తరవాత ఆయన బతికిన ఇరవై ఏళ్లలో చివరి నాలుగూ దగ్గుతూనే గడిపాడని నానమ్మ చెప్పేది. ఆయన పోయినప్పుడు బాబాయికి ఐదేళ్లు.

ఆ ఐదేళ్ల పిల్లాడు పెద్దవాడై, ఉద్యోగం చేసి, పింఛను తెచ్చుకుని, ఇవాళ అదే రేవు ఒడ్డున నిలబడి తండ్రి అలవాట్ల గురించి నిట్టూరుస్తున్నాడు. ఆయన్ని అరవై దాటించింది మెంతులు కాదు. చిన్నప్పుడు పడ్డ టీకాలు, నెల మొదట్లో పడ్డ జీతం, జబ్బు చేస్తే పెట్టిన సెలవు చీటీ, ఇంట్లో కుళాయి. వీటిని ఏ వాచీ లెక్కపెట్టదు కాబట్టి అవి లేనట్టే.

ఈ దీర్ఘాయుష్షు వ్యాపారానికి కావలసింది కూడా అదే. బాగా ముసలివాడివైతే నీ గొప్ప, కాకపోతే నీ తప్పు. మంచాన పడ్డ ప్రతి ముసలిదాన్నీ పరామర్శకు వచ్చినవాళ్లు నేరస్తురాలిలా చూస్తారు: "ఆవిడ అన్నం ఎక్కువ తినేదిట." ఆవిడ నలభై ఏళ్లు వంగి నాట్లేసిన సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

పెద్దపెద్ద వాళ్లే ఇందులో పడ్డారు. పెరుగు తింటే ముసలితనం దూరమని ప్రపంచానికి నూరిపోసిన మెచ్నికాఫ్ సామాన్యుడు కాదు, 1908లో నోబెల్ అందుకున్నవాడు. రోజూ పులిసిన పాలు తాగి డెబ్భై ఒక్కేళ్లకి పోయాడు. మన పెరుగన్నం తాతయ్యలు ఆయన్ని మించి బతికారు, నోబెల్ ఒక్కటే రాలేదు. ఇప్పుడు అమెరికాలో బ్రయాన్ జాన్సన్ అనే కోటీశ్వరుడు ముసలితనం రాకుండా ఏడాదికి ఇరవై లక్షల డాలర్లు ఖర్చు పెడతానని చెప్పుకుంటున్నాడు. 2023లో కన్నకొడుకు రక్తంలోని ప్లాస్మా తీసి ఎక్కించుకున్నాడు. తరవాత లాభం లేదని ఆపేశాడు. మన యయాతి కొడుకు యౌవనాన్ని ఏకంగా పుచ్చుకున్నాడు, ఆయనకీ తృప్తి కలగలేదు. పురాణం విన్నవాడికి ఆ ఖర్చు మిగిలేది.

నూరేళ్లు దాటినవాళ్లు గుంపులుగా ఉండే ఊళ్ల గురించీ వినే ఉంటారు. అక్కడివాళ్లు ఏం తింటారో రాసిన పుస్తకాలు వేడి పకోడీల్లా అమ్ముడయ్యాయి. సాల్ జస్టిన్ న్యూమన్ అనే పరిశోధకుడు ఆ వయసుల లెక్కలు తిరగేశాడు. రికార్డులు ఎంత అధ్వానంగా ఉంటే అక్కడ శతాధిక వృద్ధులు అంత ఎక్కువ. ఇందుకుగాను 2024లో ఆయనకి ఇగ్ నోబెల్ ఇచ్చారు, నవ్వించి ఆలోచింపజేసే పనులకు ఇచ్చే బహుమతి అది. అంతకు ముందే 2010లో, టోక్యోలో నూట పదకొండేళ్ల వృద్ధుడికి అభినందనలు చెబుదామని అధికారులు వెళితే, ఆయన ముప్పై ఏళ్ల కిందటే పోయి గదిలోనే ఎండిపోయి ఉన్నాడు. పింఛను మాత్రం ఇంటికి వస్తూనే ఉంది. జనవరి 1న పుట్టినవాళ్లు ఆధార్ కార్డుల్లో ఎంతమందో చూసిన మనకి ఇందులో వింతేముంది!

ఇంత చెప్పాక మా అత్త గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. మా తాత చెల్లెలి కూతురు, బాబాయికి వదిన. 1942లో అందరూ నడిచి వెళ్లిపోతుంటే, చంటిబిడ్డతో అడవి దాటలేమని ఆగిపోయిన కుటుంబం. ఆ చంటిబిడ్డే ఈవిడ. పుట్టినరోజు ఎప్పుడని అడిగితే బాంబులు పడ్డ నెల అంటుంది. 1964లో దుకాణాలు ప్రభుత్వం తీసేసుకున్నాక మిగిలినవాళ్లలోనూ చాలామంది విశాఖ ఓడ ఎక్కారు. ఈవిడ అప్పుడూ కదల్లేదు.

బోటాటౌంగ్‌లో ఆరో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు లేదు, ఆ పాత మేడలకి ఎప్పుడూ లేదు. పై అంతస్తుకి అద్దె తక్కువ కాబట్టి లేనివాళ్లు పైన, ఉన్నవాళ్లు కింద. ముసలివాళ్లు ఏ అంతస్తులో ఉండాలన్నది మోకాళ్లు నిర్ణయించవు. కరెంటు వచ్చినప్పుడే మోటారు, మోటారు తిరిగినప్పుడే నీళ్లు. అర్ధరాత్రి వచ్చినా లేచి పట్టాలి. గాఢనిద్ర ఎన్ని గంటలని ఆవిడని అడగాలని నాకు అనిపించింది, అడగలేదు.

బాబాయి ఆరంతస్తులూ ఎక్కి, ఊపిరి కుదుటపడ్డాక, అక్కడికీ తన ధర్మం మర్చిపోలేదు. "వదినా, రోజుకి రెండుసార్లు ఈ మెట్లు దిగి ఎక్కితే చాలు. మోకాళ్లు ఉక్కులా ఉంటాయి."

ఆవిడ నవ్వింది. "దిగడం ఎంతసేపు మరిదీ! ఎక్కడానికే ఈ జన్మ సాలదు. నాను దిగి నాలుగేళ్లయింది."

రంగూన్ మేడలన్నిటికీ బాల్కనీల నుంచి వీధిలోకి తాళ్లు వేలాడుతుంటాయి. కొసన ఒక క్లిప్పు. పేపరు, ఉత్తరం, కూరగాయల సంచీ, ఏదొచ్చినా కింద తగిలిస్తే పైకి లాగుకుంటారు. మా అత్త బీపీ మందుల చీటీ క్లిప్పుకి పెట్టి తాడు కిందికి వదిలింది. కింద ఎవరైనా కుర్రాడు చూసి తెచ్చిపెట్టాలి. ఆ పూట ఎవరూ లేరు. తాడు గాలికి ఊగుతూనే ఉంది. సరిగ్గా అప్పుడే బాబాయి చేతి మీద వాచీ గజగజలాడి, ఆరంతస్తులు ఎక్కినందుకు ఆయన్ని అభినందించింది.

ఆయన ఒక్క క్షణం వాచీ వైపు చూశాడు, ఒక్క క్షణం తాడు వైపు చూశాడు. తరవాత ఏమీ అనకుండా మెట్లు దిగి వెళ్లాడు. మందులు తెచ్చాడు, క్లిప్పుకి పెట్టకుండా చేత్తోనే తెచ్చాడు, మళ్లీ ఆరంతస్తులూ ఎక్కి.

కాబట్టి మీ ఇంట్లో ఉన్న బాబాయిలకి ఒక మనవి. నడవండి, పదివేలూ నడవండి. కాకపోతే పార్కులో గుండ్రంగా తిరిగే బదులు, దిగలేనివాళ్ల చీటీ పట్టుకుని మందుల షాపు దాకా వెళ్లి రండి. ఆ అడుగులనీ వాచీ లెక్కేసుకుంటుంది, నేను చూశాను.