137వ లైను

"పొద్దుగాల కెల్లి ఆ డబ్బ ముంగట్నే కూసున్నవ్, ఏం నేర్సినవ్‌రా?" అని బీర్పూర్‌లో ఏ బాపు అయినా ఇంజినీరింగ్ చదివే కొడుకును అడిగితే, కొడుకు అబద్ధమాడకుండా చెప్పగలిగే జవాబు ఒక్కటే: "ఎక్కిస్తున్న బాపూ." నెల తర్వాత అడిగినా ఇదే జవాబు. ఎక్కించేది లారీకి వడ్ల బస్తాలైతే ఈపాటికి మిల్లుకు చేరేవి. ఇది ఉబుంటు లైనక్స్‌కు ఎన్ఎస్2.

తీగ లేదు, రూటర్ లేదు, టవర్ లేదు. కంప్యూటర్ కడుపులోనే ఒక నెట్‌వర్క్ ఉన్నదనుకొని, ఎన్ని ప్యాకెట్లు చేరాయో, ఎన్ని దారిలో పడిపోయాయో లెక్క తీసే సిమ్యులేటర్ అది. ఎస్. కేశవ్ రాసిన 'రియల్' అనే సిమ్యులేటర్ దానికి మూలం. అమెరికా రక్షణ శాఖ సంస్థ డార్పా సొమ్ముతో పెరిగింది. దాని మీద జరిగిన పరిశోధన తక్కువేమీ కాదు, కాబట్టి తప్పు దానిది కాదు. దాని ఆఖరి విడుదల 2.35. వచ్చింది 2011 నవంబరులో. అప్పటికి మనది ఉమ్మడి రాష్ట్రం. 2014లో తెలంగాణ వచ్చింది. 2016లో జగిత్యాల జిల్లా అయింది, బీర్పూర్ మండలం అయింది. ఎన్ఎస్2 మాత్రం 2.35 దగ్గరే కూర్చుంది. దాని వారసుడు ఎన్ఎస్3 అయితే 2008లోనే మొదటిసారి విడుదలైంది. అయినా జేఎన్‌టీయూహెచ్ ఆర్18 సిలబస్, కంప్యూటర్ నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో పెద్దాయననే పిలిచి పీట వేసింది.

పెద్దాయన ఊరికే వస్తాడా! ఇన్‌స్టాల్ కొట్టగానే తెర నిండా అక్షరాలు పరుగెత్తి, ఒకచోట టక్కున ఆగుతాయి. లింక్‌స్టేట్ ఫోల్డర్, ఎల్ఎస్.హెచ్ ఫైలు, 137వ లైను. 'ఇరేజ్' అనేది ఎవరిదో తెలియడం లేదంటుంది కంపైలర్. పాత జీసీసీ కంపైలర్ ఇలాంటివి చూసీ చూడనట్టు పోనిచ్చేది. 2012 మార్చిలో 4.7 వచ్చినప్పటి నుంచి సీ ప్లస్ ప్లస్ నియమం కచ్చితంగా పట్టుకుంది. టెంప్లేట్ లోపల మాతృ క్లాసు నుంచి వచ్చిన ఫంక్షన్‌ను పిలవాలంటే, అది తనదేనని ముందు చెప్పి పిలవాలి. అంతే సంగతి. పైగా కంపైలర్ ఎంత దయామయి అంటే, తప్పు పట్టి ఊరుకోదు. కింద ఇంకో లైనులో 'దిస్->ఇరేజ్' అని వాడుకోమని జవాబు కూడా రాసి పెడుతుంది. ప్రశ్నపత్రం మీదే జవాబు అచ్చేసి ఇచ్చే పరీక్ష మన చదువుల్లో ఇదొక్కటే. ఇందులోనే మనవాళ్లు అందరూ తప్పుతారు.

ఎందుకంటే చదవాలి కదా! చదవరు. తెరను ఫోన్‌తో ఫొటో తీస్తారు. ఆ ఫొటోలో ట్యూబ్‌లైటు వెలుగు పడుతుంది, చాయ్ గ్లాసు పడుతుంది, చిట్టచివరి 'ఎర్రర్ 1' పడుతుంది. 137వ లైను ఒక్కటి పడదు. వాట్సాప్‌లో సీనియర్‌కు పోతుంది. "అన్నా, ఎర్రగ వచ్చింది."

"ఉబుంటు మొత్తం తీసేసి మల్లేయ్ తమ్మీ."

తీసేస్తాడు, మళ్లీ వేస్తాడు. మళ్లీ ఎర్రగానే వస్తుంది. అప్పుడు సుడో పెట్టి చూడమంటారు. అన్నిటికీ 777 పర్మిషన్ ఇమ్మంటారు, ఇంటికి తలుపులే పీకేస్తాడు. ఈ లోపల పాత జీసీసీ తెచ్చి పెట్టిన పుణ్యాత్ముడొకడు దొరికి పని ముందుకు జరిగితే, బాష్‌ఆర్‌సీ ఫైలు గండం. ఎవరో రాసిన పాత్ లైన్లు తెచ్చి అతికిస్తాడు, ఆ ఎవరో గారి హోమ్ ఫోల్డర్ పేరుతో సహా. తన మెషీన్‌లో లేని మనిషి ఇంట్లో ఎన్ఎస్‌ను వెతకమని లైనక్స్‌కు చెప్పి, "కమాండ్ దొరకలేదు" అంటే లైనక్స్‌ను తిడతాడు.

ఆఖరికి ఒకరోజు ఎన్ఎస్ అని కొడితే తెర మీద శాతం గుర్తు ఒకటి వచ్చి నిలబడుతుంది. ఎంత శాతం అని అడగకండి. సెమిస్టర్ అంతా కలిపి నేర్చిన నెట్‌వర్క్స్ ఆ గుర్తే.

ఇంకా ఘోరం ఏమిటంటే, ఈ మరమ్మతులన్నీ ఉబుంటుకు మూలమైన డెబియన్ వాళ్లు ఎప్పుడో చేసి పెట్టారు. ఉబుంటు రిపాజిటరీలో ఎన్ఎస్2 పేరుతోనే ప్యాకేజీ ఉంది. 'ఆప్ట్ ఇన్‌స్టాల్' అంటే ఒక్క లైనులో దిగుతుంది. కానీ ఆ లైను ల్యాబ్ మాన్యువల్‌లో లేదు. మాన్యువల్‌లో లేనిది లోకంలో ఉండటానికి వీల్లేదు.

ఓపిక లేనివాళ్లకు ప్రాజెక్టులు అమ్మే హైదరాబాద్ అమీర్‌పేట ఉండనే ఉంది. జగిత్యాలలో బస్సెక్కితే చాలు. మానెట్‌లో బ్లాక్‌హోల్ అటాక్, ఏఓడీవీ వర్సెస్ డీఎస్ఆర్: టైటిల్ మీది, కాలేజీ పేరు మీది, గ్రాఫ్ మాత్రం అందరిది. "ఔట్‌పుట్ గ్యారంటీ తమ్మీ, అర్థమయితదని గ్యారంటీ లేదు" అని పైకి అనరు గానీ ఫీజులో ఆ మాట కలిపే ఉంటుంది.

అదే సిమ్యులేటర్‌లో ఎర్రర్ మోడల్ అని ఒకటి ఉంది. ఎన్0 అనే నోడ్‌కు బీర్పూర్ అని, ఎన్1కు ధర్మపురి అని, ఎన్2కు జగిత్యాల అని పేరు పెట్టి, వానొచ్చిన రోజు ఏ లింకులో నూటికి ఎన్ని ప్యాకెట్లు పోతాయో పెట్టి చూడొచ్చు. ఎవరూ పెట్టరు. పాత ట్యుటోరియల్‌లో ఉన్న 1 ఎంబీ, 10 మిల్లీసెకన్లు, డ్రాప్‌టెయిల్ అక్షరం పొల్లుపోకుండా తరతరాలుగా వస్తోంది. మన ఊళ్ల మధ్య దూరం పది మిల్లీసెకన్లని ఎవరు కొలిచారో!

ఇక వైవా. ఎక్స్‌టర్నల్ సార్ గ్రాఫ్ చూసి, "ఇది పక్కబ్యాచ్ గ్రాఫ్ లాగే ఉందే" అన్నాడనుకోండి, ధైర్యంగా ఉండొచ్చు. ఎన్ఎస్2లో ర్యాండమ్ సీడ్ మనం ముట్టుకోకపోతే 12345. ఒకే స్క్రిప్టు కోరుట్లలో నడిపినా సిరిసిల్లలో నడిపినా అవే ప్యాకెట్లు, అవే క్షణాల్లో, అక్కడే పడిపోతాయి. కష్టపడి చేసినవాడి గ్రాఫ్, కొనుక్కొచ్చినవాడి గ్రాఫ్ కవల పిల్లలు. దొంగను పట్టాలంటే "సీడ్ మార్చి నా ముందర ఇంకోసారి నడుపు" అంటే చాలు. కాకపోతే ఆ మాట అనడానికి, సార్ కూర్చున్న ల్యాబ్‌లో ఒక్క మెషీన్ మీదైనా ఎన్ఎస్2 ఎక్కి ఉండాలి.