హాజరే నాయకత్వం

హైబ్రిడ్ జట్టుకు పునాది నమ్మకం. దాన్ని కొలిచే మీటరు ఇంకా రాలేదు కనుక కంపెనీలు హాజరును కొలుస్తాయి. ఇందుకు ప్రామాణిక ఉదాహరణ జూమ్. లోకమంతటికీ ఇంటి నుంచి పని నేర్పిన ఆ సంస్థే, ఆఫీసుకు 50 మైళ్లలోపు ఉండే తన ఉద్యోగులు వారానికి కనీసం 2 రోజులు రావాలని 2023 ఆగస్టులో చెప్పింది. టీసీఎస్‌ది ఇంకాస్త దూరదృష్టి: 2025 నాటికి ఏ సమయంలోనైనా 25 శాతం మంది ఆఫీసులో ఉంటే చాలని 2020లో ప్రకటించి, 2023 అక్టోబరు నుంచి 5 రోజులూ రమ్మంది. 2024లో వేరియబుల్ పేను కూడా హాజరుకు ముడిపెట్టింది.

రప్పించడానికి చెప్పే కారణం ముఖాముఖి మాటామంతీ. మాదాపూర్ ట్రాఫిక్‌ను ఈదుకొచ్చిన ఉద్యోగి బ్యాడ్జి చూపించి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, బెంగళూరు మేనేజరుతోనూ అమెరికా క్లయింటుతోనూ వీడియో కాల్‌లో కూర్చుంటాడు. పక్క సీటాయనది వేరే ప్రాజెక్టు. పేరు అడిగే తీరిక ఇద్దరికీ లేదు.

ఎవరు ఏం చేయాలో, ఏది ఎందుకు తేల్చారో రాసిపెడితే సగం కాల్స్ అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ గిట్‌ల్యాబ్ తన పని పద్ధతుల హ్యాండ్‌బుక్‌ను ఎవరైనా చదువుకునేలా బహిరంగంగానే పెట్టింది. కాకపోతే రాయాలంటే ఏం కావాలో మేనేజరుకు ముందే తెలిసి ఉండాలి. చిక్కంతా అక్కడే.