బంగాళాఖాతం మీద బాకీ

ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖపట్నం దిగిన అనంతపురం పెద్దాయన్ని ఆర్కే బీచ్‌లో ఇట్టే గుర్తుపట్టొచ్చు. జనమంతా అలలకేసి పరుగెడుతుంటే ఆయన పంచె ఎగ్గట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు చికిలించి నీళ్ళ అవతలి గట్టు కోసం వెతుకుతుంటాడు. "ఇన్ని నీళ్ళు పెట్టుకోని మాకు ఒక్క పదును వాన ఇచ్చేదానికి ఏం రోగమప్పా దీనికి?" అంటాడు. మెట్ట మనిషి అమాయకత్వమని పక్కవాళ్ళు నవ్వుతారు. నిజానికి ఆ తీరంలో సముద్రాన్ని సరిగ్గా అర్థం చేసుకున్నది ఆయనొక్కడే. మిగతావాళ్ళు వచ్చింది విహారానికి. ఆయన వచ్చింది బాకీ వసూలుకి.

బాకీ ఉన్నమాట వాస్తవం. నైరుతి రుతుపవనాలు తేమనంతా పడమటి కనుమల అవతలే దించేసి, ఇటు పంపేది ఉత్త గాలి. దానివల్ల లాభపడేవి రామగిరి కొండల మీది గాలిమరలే. ఏడాది మొత్తానికి అనంతపురంలో కురిసేది సగటున 550 మిల్లీమీటర్లు; విశాఖలో వెయ్యి దాటుతుంది. శెనక్కాయకు ఊడలు దిగే వేళ ముఖం చాటేసిన వాన లోటు పూడాలంటే అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం కరుణించాలి. అందుకే అల్పపీడనమన్న వార్త వినగానే కోస్తా మనిషి కిటికీలు మూసుకుంటే, ఆయన చెరువు తూము చూడ్డానికి బయల్దేరతాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను అతలాకుతలం చేసింది కదా, అలాంటిదాని కోసం కాచుక్కూచోవడం పాపం కాదా అంటారేమో. ఆయన కోరేది తుఫాను కాదు. నెల్లూరు దగ్గర తీరం దాటి, గాలిని అక్కడే వదిలేసి, తడి మాత్రం మోసుకొచ్చే వాయుగుండం. ఇంత వివరంగా అర్జీ పెట్టుకున్నవాణ్ణి దుర్మార్గుడనలేం. నెల్లూరువాళ్ళ అభిప్రాయం ఆయనింకా అడగలేదు, అంతే.

ఉప్పునీళ్ళ మీద ఆశేమిటని ఇంకొందరి ఆక్షేపణ. వందల అడుగుల బోరు వేయించి, తగిలింది ఉప్పో చప్పో నాలుక మీదే తేల్చేవాడికి ఉప్పునీళ్ళ పాఠం చెప్పాలా? ఆయన లెక్క నీళ్ళతోనే ఆగదు. ఇసుకలో పల్లీల పొట్లం కొంటే ఒక గింజ నలిపి, పొట్టు ఊది, వెలుతురుకు పెట్టి చూసి, "మా కదిరి–6" అని తేల్చి, పొట్లం ధరను బస్తాకు గుణించి, మధ్యలో ఎవరు తింటున్నారో చూసుకున్నాకే నోట్లో వేసుకుంటాడు.

పక్కనే సముద్రముండగా లాడ్జిలో సగం బకెట్టుతో స్నానం కానిచ్చి, కారే కుళాయి కింద చెంబు పెట్టడం పిసినారితనం కాదా? కాదు. అనంతపురం శ్రీశైలం నుంచి హంద్రీ–నీవా మీదుగా వచ్చే కృష్ణ నీళ్ళ కోసం చూసినట్టే, ఈ ఓడరేవు పట్నమూ దూరాన ఉన్న ఏలేరు నుంచి కాలువలో నీళ్ళు తెచ్చుకుంటోంది. దాహంలో రెండూళ్ళూ ఒకటే. విశాఖకు అదనంగా ఉన్నది చూసుకోవడానికి సముద్రం. కాబట్టి 'నీటిని పొదుపుగా వాడండి' అన్న బోర్డు లాడ్జిలో ఏ గదికైనా అవసరమే, ఆయన దిగిన గదికి తప్ప.