సేతుప్రయాణ పద్యం: టీకా తాత్పర్యం

మూడు పాళ్లు నింపి ముందుగా ట్యాంకును,
తెల్లవారకుండ తెగువతోడ
సేతువెక్కినట్టి చెలికాండ్రకెల్లను
నిలుచుటే ప్రయాణ నియమమగును.

అవతారిక: సింగపూర్‌లో పండగ సెలవు ఆదివారం పడితే సోమవారమూ సెలవే. అలా మూడు రోజులు చేతికి చిక్కగానే అక్కడి తెలుగు మిత్రబృందాలకు మలేసియా గుర్తొస్తుంది. కారు ఒకటి, మనుషులు అయిదుగురు, గమ్యం మలక్కా. ఆ సందర్భంలో ఒక వాట్సాప్ గ్రూపు కవి చెప్పిన ఆటవెలది ఇది.

టీక: మూడు పాళ్లు = ముప్పాతిక. ఇది కవి కల్పన కాదు, శాసనం. సింగపూర్ కారు ఎల్ల దాటాలంటే ట్యాంకు ముప్పాతిక నిండి ఉండాలి. 1989లో సగం చాలన్నారు, 1991లో ముప్పాతిక చేశారు. అవతల పెట్రోలు చవక కదా, జనం ఖాళీ ట్యాంకుతో వెళ్లి నింపుకొస్తారని దొరతనం వారి అనుమానం. (అనుమానం నిజమే. అది వేరే సంగతి.) పట్టుబడితే జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది. ముల్లు గీతకు వెంట్రుకవాసి కింద కనిపిస్తే ముందు సీట్లోవాడు మీటరు అద్దం మీద వేలితో తట్టడం ఆచారం. దీనికి శాస్త్రప్రమాణం లేదు.

తెల్లవారకుండ = నాలుగున్నరకు. “కిందే ఉన్నా మామా” అని మెసేజ్ పెట్టినవాడు అప్పుడు పళ్లు తోముకుంటూ ఉంటాడు గనుక, వ్యవహారంలో ఆరుంబావు అని గ్రహించేది.

తెగువతోడ = పాస్‌పోర్టు ఏ సంచిలో ఉందో చూసుకోకుండా.

సేతువు = జొహోర్ జలసంధి మీద 1924లో తెరిచిన కాజ్‌వే. రాళ్లు పోసి కట్టిన కట్ట గనుక వంతెన అనకపోవడం కవి ఔచిత్యం. పొడవు కిలోమీటరు పైచిలుకు, అంతే. ఇది 1998లో తెరిచిన తువాస్ రెండో లింకు అని కొందరంటారు. ఆ అర్థం పొసగదు. అక్కడ టోల్ ఎక్కువ, రద్దీ తక్కువ. రద్దీ లేకపోతే నాలుగో పాదం దండగ.

నిలుచుట = కారు రెండు బారలు కదిలి మళ్లీ ఆగడం. సెలవు రోజుల్లో మూడు గంటలు పట్టొచ్చని ఇమిగ్రేషన్ వారే హెచ్చరిస్తుంటారు. మొదటి గంట జోకులు. రెండో గంట, మలక్కాలో తినాల్సిన పులిహోర డబ్బా సింగపూర్ గట్టునున్న వుడ్‌లాండ్స్‌లోనే ఖాళీ. మూడో గంటలో ఎవరూ మాట్లాడరు. పక్కనుంచి మోటార్‌సైకిళ్లు సర్రున పోతుంటాయి. “తువాస్ మీదుగా పోదామని నేను ముందే అన్నా” అనే వాక్యం వెనక సీటు నుంచి పుట్టేది ఇక్కడే. స్నేహం కూడా ఇక్కడే కొంచెం అరుగుతుంది.

తాత్పర్యం: కిలోమీటరు దాటినవాడికి తర్వాతి రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు లెక్కలోవి కావు.

విశేషం: అవతలి గట్టు నియమాలను కవి వదిలేశాడు. కారుకు మలేసియా ప్రవేశ పర్మిట్ లేకపోతే 2025 జూలై 1 నుంచి 300 రింగిట్ల జరిమానా. టోల్‌కు టచ్ అండ్ గో కార్డు. రాయితీ పెట్రోలు రాన్ 95 బయటి దేశపు కార్లకు నిషిద్ధం; పోయించుకుంటే రాన్ 97.

ఇక అలంకారం. ఇల్లు కదలని పండితులు ఇందులో అతిశయోక్తి అంటారు. పండగ ముందురోజు సాయంత్రం వుడ్‌లాండ్స్ వరసలో నిలబడ్డవారు స్వభావోక్తి అంటారు. రెండో పక్షమే మాకు సమ్మతం.