మా బడిలో ఒకే టీవీ ఉండేది

మొన్న దసరా సెలవులకు మనుమలు, మనుమరాళ్లు కలిపి నలుగురు మా ఇంటికి వచ్చారు. వస్తూనే నలుగురూ తలో మూల వెతుక్కున్నారు. ఒకడు మంచం మీద, ఒకడు సోఫాలో, పెద్ద మనుమరాలు మెట్ల మీద, చిన్నది తలుపు చాటున. ఎవరి చేతిలో ఫోను వారిది, ఎవరి చెవుల్లో తీగలు వారివి. "ఏం చేస్తున్నరు బిడ్డా?" అని అడిగితే పెద్దది తల ఎత్తకుండానే "చదువుకుంటున్నం తాతా" అన్నది. అబద్ధం చెప్పలేదు. సెలవుల హోంవర్కు యాప్‌లోనే ఇచ్చారట. అయినా నాకు కడుపులో కలుక్కుమంది. ముప్పై ఏడేళ్లు పిల్లల గోల మధ్య బతికినవాణ్ని. చదువు అంటే నా చెవిలో మోగేది ఎక్కాల చప్పుడు, గుణింతాల చప్పుడు, ఒకడు తప్పు చదివితే పదిమంది ఒక్కసారిగా సరిదిద్దే చప్పుడు. ఆ పూట మా ఇంట్లో నలుగురు పిల్లలు చదువుకుంటున్నారు, చీమ చిటుక్కుమంటే వినబడేటట్టుంది.

ముసలివాడికి కొత్త వస్తువులంటే గిట్టదని అనుకుంటారేమో. నేను బడిలో టీవీ చూసి చదువుకున్నవాణ్ని. అదీ 1975లో, మెదక్ జిల్లాలో ఒక పల్లెటూళ్లో.

ఆ ఏడాది ఆగస్టు 1న మన దేశంలో ఉపగ్రహ టీవీ పాఠాలు మొదలయ్యాయి. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకోవడానికి తీసుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఇస్రో వాళ్లు టీవీలు పెట్టించారు. 'సైట్' అనేవారు దాన్ని. మన తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లో తయారయ్యేవి. పట్నంలో ఉన్న మా బంధువుల ఇళ్లలో టీవీ లేని రోజుల్లో మా ఊరి బడికి టీవీ వచ్చింది. ఆవరణలో పది అడుగుల గొడుగు తిరగేసి పెట్టారు. కోళ్లగూటికి కొట్టే ఇనుప జాలీ ఉంటుంది చూడండి, అచ్చం అలాంటి జాలీతో చేసిన గొడుగు. ఆకాశంలో ఎక్కడో ఉన్న దాని నుంచి బొమ్మ ఈ జాలీలోకి దిగుతుందంటే మా నాయన నమ్మలేదు. వచ్చి చూసి నమ్మాడు.

పొద్దున పిల్లల కార్యక్రమాలు, సాయంత్రం ఊరందరికీ. నేనప్పుడు అయిదో తరగతి. అందరం చాపల మీద ఒకరి మోకాలు ఒకరికి తగిలేలా కూర్చునేవాళ్లం. మా సారు టీవీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఆయన చూపు మాత్రం మా మొహాల మీదే. కార్యక్రమం అయిపోగానే టీవీ కట్టేసి, "ఏం చూసిన్రు? నువ్వు చెప్పు" అని వెనక వరుస నుంచి మొదలుపెట్టేవారు. ఎవడు నోరు తెరిచి చూశాడో, ఎవడు పక్కవాణ్ని గిల్లుతూ గడిపాడో ఆయనకు ముందే తెలుసు. అర్థం కానివాడికి నల్లబల్ల మీద మళ్లీ గీసి చెప్పేవారు. ఇరవై నిమిషాల బొమ్మకు గంట సేపు మాటలు. ఏడాది తిరిగేసరికి ఆ ఉపగ్రహం గడువు అయిపోయింది, అమెరికా వాళ్లు దాన్ని తీసేసుకున్నారు. టీవీ మూగబోయింది. మా సారు మాత్రం ఉన్నారు. మా చదువు ఒక్క రోజు కూడా ఆగలేదు.

ఇప్పుడు ఫోన్లను, ట్యాబులను నేను తిట్టుకునేటప్పుడు నా మనసులో ఉండేది ఆ కుర్చీయే. టీవీ పక్కన మనిషికి వేసిన కుర్చీ.

మా రోజుల్లో చదువు మొదలుపెట్టడాన్ని అక్షరాలు దిద్దించడం అనేవారు. ఇప్పటికీ అంటారు. ఆ మాటలోనే ఉంది చూడండి విషయమంతా. దిద్దేది పిల్లవాడు, దిద్దించేది పెద్దవాళ్లు. పలక మీద బలపంతో సారు పెద్దగా 'అ' రాసిచ్చేవారు. దాని మీదే తిప్పి తిప్పి దిద్దాలి. గీత లావెక్కి ముద్దయ్యేదాకా దిద్దాలి. వంకర పోతే పైనుంచి సారు చెయ్యి వచ్చి మన పిడికిలిని పట్టుకుని తిప్పేది. ఆ చేతి బరువు నాకు ఈ వయసులోనూ గుర్తుంది. పలక మాసిపోతే బొగ్గు, ఆకు పసరు కలిపి రుద్ది ఎండలో ఆరబెట్టేవాళ్లం. సాయంత్రం బడి వదిలే ముందు ఒకడు ముందు నిలబడి ఎక్కం చెబితే అందరం అందుకునేవాళ్లం. ఇరవయ్యో ఎక్కం దాకా నోటికి రానివాడు ఏడో తరగతికి పోయేవాడు కాదు. పద్యాలు అర్థం తెలియకముందే నోటికెక్కేవి, అర్థం పెళ్లయ్యాక తెలిసేది. చందమామ ఒక్క కాపీ ఊళ్లోకి వస్తే అది పది ఇళ్లు తిరిగి, అట్ట ఊడి, చివరి పేజీలు పోయి, పోయిన పేజీల కథను ముందు చదివినవాడు చెబితే వినాల్సి వచ్చేది.

అన్నీ బాగుండేవని నేను చెప్పను. బెత్తం దెబ్బలకు భయపడి బడి మానేసినవాళ్లు మా తరగతిలోనే ముగ్గురున్నారు. ఆడపిల్లలు అయిదో తరగతి దాటితే గొప్ప. ఆ బెత్తాన్ని, ఆ కట్టుబాటును నేను వెనకేసుకురాను. చట్టం 2009లో పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది, మంచి పని చేసింది. కాని బెత్తంతో పాటు పిల్లవాడి పక్కన కూర్చునే మనిషిని కూడా తీసేయమని ఎవరూ చెప్పలేదే!

2020 మార్చిలో కరోనాతో బళ్లు మూతపడ్డాయి. అప్పుడు నేను ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరుగా ఉన్నాను. సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో యాదగిరి చానెల్‌లో, టీ-శాట్‌లో పాఠాలు మొదలుపెట్టారు, మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా. పాఠాలు చెప్పినవాళ్లు మంచి టీచర్లే, కష్టపడి చెప్పారు. మేం పిల్లల ఇళ్లకు తిరిగి ఎవరు చూస్తున్నారో, ఎవరు చూడటం లేదో రాసుకునేవాళ్లం. ఒకనాడు ఒక కూలి తండ్రి వాకిట్లో నిలబెట్టి అడిగాడు. "సారూ, ఫోను నేను కొంటవోతే పోరనికి పాఠం లేదు. ఇంట్ల పెట్టిపోతే మేస్త్రి నన్ను పనికి పిలువడు. ఏం జేయమంటరు?" ఏం చెయ్యమని చెప్పను? రిజిస్టరులో ఆ పిల్లవాడి పేరు ఎదుట గీత పెట్టి వచ్చేశాను. ఆ గీత నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది.

ఇంకొక ఇంట్లో టీవీ ఉంది, పాఠం నడుస్తోంది. పిల్లవాడు దాని ముందే ఉన్నాడు. తెర మీద మేడమ్ "అర్థమైందా పిల్లలూ?" అని అడిగింది. వీడు కాలి బొటనవేలితో నేల మీద గీస్తూ కూర్చున్నాడు. ఆమె రెండు క్షణాలు ఆగి, "చాలా బాగుంది" అని ముందుకు సాగింది. ఆమె తప్పేమీ లేదు. ఆమెకు వీడు కనబడడు. ఎదురుగా ఉన్న ఏ టీచరైనా ఆ బొటనవేలు చూస్తే పాఠం ఆపుతుంది.

ఒకటి, రెండు తరగతులకు ఆ పాఠాలు కూడా లేవు. ప్రాథమిక బళ్లు పూర్తిగా తెరుచుకున్నది 2021 సెప్టెంబరు 1న. అంటే ఒకటో తరగతిలో ఇంటికి పోయిన పిల్లవాడు మూడో తరగతిలో తిరిగి వచ్చాడు. అలా వచ్చినవాళ్లలో ఒకడి గురించి చెబుతాను. తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి ట్రాక్టరు నడుపుతాడు. వాళ్లింట్లో ఫోనుంది, అందులో అక్షరాల పాటల వీడియోలు వందసార్లు చూశాడు. "అ, ఆ" అని మొదలుపెడితే రాగం తీసి 'ఱ' దాకా పాడేవాడు. తల్లి సంబరపడి, "నా కొడుక్కు అన్నీ వచ్చు సారూ" అంది. నేను నల్లబల్ల మీద ఒక్క 'మ' రాసి ఇదేమిట్రా అన్నాను. వాడు మొదటి నుంచి పాట ఎత్తుకున్నాడు. పాడుకుంటూ పాడుకుంటూ 'మ' దగ్గరికి వచ్చాడు, దాటిపోయాడు. నా వేలి కింద ఉన్నది, తన నోట్లో ఉన్నది ఒకటేనని వాడికి తెలియదు. బలపం ఇస్తే పిడికిలితో ఉలి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడు.

ఇది ఒక్క మా బడి గోడు కాదు. అసర్ అని పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి పిల్లలతో చదివించి చూసే సర్వే ఉంది. బడికి వెళ్లే పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 2018లో నూటికి 36.5 అయితే, 2021 నాటికి 67.6 అయ్యాయి. అదే కాలంలో చదువు సంగతి చూడండి. రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో నూటికి 27.3 మంది, 2022లో 20.5 మంది. ఫోను వల్లే తగ్గిందని నేను అనను. బడి మూతపడినందువల్ల తగ్గింది. కాని ఇంటింటికీ వచ్చిన ఫోను ఆ లోటును పూడ్చలేకపోయిందన్నది మాత్రం నిజం. తర్వాత మళ్లీ పుంజుకున్నది బడులు తెరిచి, టీచర్లు పక్కన కూర్చుని చదివించాకే. మన దగ్గర 2022 ఆగస్టు 15న తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలుపెట్టి, ఏ తరగతి అని చూడకుండా ఎవరికి ఏది రాదో అక్కణ్నుంచి చెప్పమన్నారు. అందులో కొత్త యంత్రమేమీ లేదు. మా సారు 1975లో చేసిన పనే అది.

బడులు తెరిచారు కదా, గొడవ తీరిందనుకున్నాను. తీరలేదు. ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. హోంవర్కు వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది. అమ్మ దాన్ని చూసి చెబుతుంది, అమ్మకు తీరకపోతే ఫోనే చెబుతుంది. లెక్కను ఫొటో తీస్తే జవాబు మెట్టు మెట్టుగా వచ్చేస్తోంది, పిల్లవాడు దాన్ని అందంగా ఎక్కించుకుంటున్నాడు. వ్యాసం రాయమంటే ఏఐని అడుగుతున్నారు. నల్లబల్ల మీద నోట్సు రాసుకోకుండా ఫొటో కొడుతున్నారు. చేతిరాత సంగతి సరేసరి, పదో తరగతి పిల్లల రాతలో ఒత్తులు ఎగిరిపోయాయి, దీర్ఘాలు కుంటుతున్నాయి. మా మనుమడు పాఠం వీడియోను ఒకటిన్నర రెట్లు వేగంగా నడిపిస్తాడు. "తొందరగా అయిపోతది తాతా" అంటాడు. అన్నం కూడా అలాగే మింగుతాడు, ఒళ్లో ఫోను పెట్టుకుని. తప్పు చేయడానికి కూడా కొంత సేపు పట్టాలి నాయనా. తప్పు లెక్క చేసి, కొట్టేసి, మళ్లీ చేసి, మళ్లీ తప్పి, నాలుగోసారి తేలినప్పుడు ఒళ్లు పులకరిస్తుంది. ఆ సంతోషాన్ని ఈ పిల్లల చేతుల్లోంచి లాగేసుకుంటున్నాం. నాకు కోపం వచ్చేది అందుకే.

చదువు కోసమే ఇచ్చామంటారు తల్లిదండ్రులు. 2024 అసర్ లెక్కలో 14 నుంచి 16 ఏళ్ల పల్లె పిల్లల్లో నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు. వాళ్లలో అంతకు ముందు వారం చదువు కోసం వాడామన్నవాళ్లు నూటికి 57 మంది, సోషల్ మీడియా కోసం వాడామన్నవాళ్లు నూటికి 76 మంది. పిల్లల్ని తప్పుపట్టను. ఒకే పెట్టెలో పాఠమూ, జాతరా పెట్టి, తలుపేసి ఒంటరిగా వదిలేస్తే ఏ పిల్లవాడు పాఠం వైపు చూస్తాడు? మనం చూసేవాళ్లమా?

మంచిని కూడా చూశాను. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ మీద ఫోను పెట్టి గుండె కొట్టుకోవడం చూపిస్తే పిల్లలు గుడ్లప్పగించి చూశారు. నల్లబల్ల మీద ఎంత బాగా గీసినా నేను కొట్టుకునే గుండెను చూపించలేను. ఇంటర్ చదివే ఒక అమ్మాయి, ఊళ్లో ఫిజిక్స్ చెప్పేవాళ్లు లేక, వీడియోలు చూసే పరీక్ష గట్టెక్కింది. పక్క రాష్ట్రంలో ఎనిమిదో తరగతికి ట్యాబులిచ్చారు, మన దగ్గర 2025లో కొన్ని ప్రాథమిక బళ్లలో ఏఐ పాఠాలు మొదలుపెట్టారు. ఇవ్వనీయండి, పెట్టనీయండి. 2023లో యునెస్కో నివేదిక కూడా ఇదే చెప్పింది, సాంకేతికత టీచరుకు తోడుగా ఉండాలి గాని టీచరు చోటులోకి రాకూడదని. నేను అడిగేది ఒక్కటే, ఆ తెర పక్కన కుర్చీ వేశారా? అందులో ఎవరైనా కూర్చున్నారా?

ఆ 'మ' దగ్గర దాటిపోయిన పిల్లవాణ్ని వదిలిపెట్టలేదు. రోజూ బడి వదిలాక అరగంట నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ముందు ఇసుకలో వేలితో, తర్వాత పలక మీద, నా చెయ్యి వాడి చేతి మీద వేసి దిద్దించాను. మొదటి వారం వాడి పిడికిలి బిగుసుకుని రాయిలా ఉండేది. నెలకు వదులైంది. పాట మరిచిపోయి అక్షరం చూడటానికి మూడు నెలలు పట్టింది. నాలుగో నెలలో ఒక సాయంత్రం ఇద్దరం బస్టాపు దగ్గర నిలబడి ఉన్నాం. బస్సు వచ్చి ఆగింది. వాడు బోర్డు వైపు తల ఎత్తి, పెదవులు కదుపుతూ, "సం... గా... రె... " అని ఆగాడు. కిందున్న ఒత్తు చూశాడు. నా మొహం చూశాడు. నేను తల ఊపాను. "సంగారెడ్డి!" అని అరిచాడు. కండక్టరు ఎక్కుతారేమోనని తలుపు తీసి పట్టుకున్నాడు.

ఆ ఒత్తు దగ్గర వాడు నా వైపు చూసిన చూపు కోసమే ఇంత గొణిగాను. ఆ సమయానికి చూడటానికి వాడికొక మొహం ఉండాలి. రేపు సంక్రాంతికి పిల్లలు మళ్లీ వస్తారు. ఫోన్లు తీసుకుని దాచేయను. వసారాలో పెద్ద చాప పరుస్తాను. నలుగురినీ దాని మీదికి రమ్మని, నా కుర్చీ పక్కన వేసుకుంటాను.